ఉమ్మడి స్టెప్నీ

పోయిన వారం మనం లింగస్వామిని మూడు చక్రాల కారు పక్కన నిలబెట్టి వచ్చేశాం. పాపం, అతను ఇంకా అక్కడే ఉన్నాడు. నాలుగో చక్రం ఉండాల్సిన చోట ఇటుకలు పేర్చి ఉన్నాయి. ఆ చక్రమేమో ఇంటి ఓనరు రామమోహనరావుగారి కారుకు తొడిగి ఉంది. ఓనరుగారు మేడ మీద ఉన్నారు. లింగస్వామి సామాను మాత్రం ఒక్కొక్కటిగా గుమ్మం దాటి వాకిట్లోకి వస్తోంది.

నడుమ ఒక వారం తప్పిపోయినవారి కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

ఎల్బీనగర్ చౌరస్తాకు దగ్గర్లోనే ఉంది ఆ ఇల్లు. పైన రామమోహనరావుగారు, భార్య అరుణజ్యోతి, కూతురు శ్రీకళ. కింద కిరాయికి లింగస్వామి, భార్య బాలలక్ష్మి, తల్లి కౌసల్యమ్మ. ఓనరుగారిది తెనాలి దగ్గర పల్లె. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పిల్లలకు లెక్కలు చెబుతారు. లింగస్వామిది నల్గొండ జిల్లా. సొంత కారు కిరాయికి తిప్పుకుంటాడు.

ఇద్దరి కార్లూ ఒకే రకం, ఒకే రంగు. ఒకే రోజు, ఒకే దుకాణంలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి. పెట్రోలు ధరకు జడిసి ఇద్దరూ గ్యాస్ కిట్ ఉన్న బండే కావాలన్నారు. ఇంటికొచ్చి డిక్కీ తెరిచి చూస్తే స్టెప్నీ ఉండాల్సిన గుంతలో గ్యాసు ట్యాంకు కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. స్టెప్నీ ఏదయ్యా అని వెనక్కి వెళ్లి అడిగితే దుకాణంవాడు నవ్వాడు. గల్లీకో పంక్చర్ షాపుంది సాబ్, స్టెప్నీతోటి మీకేం పని అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. బంద్ రోజు సంగతి మాత్రం అతను చెప్పలేదు, వీళ్లూ అడగలేదు.

చెరొకటి కొనడం దండగ, ఇద్దరికీ కలిపి ఒకటి చాలు అన్న ఆలోచన లింగస్వామిదే. టైరూ, దాని లోపలి ఇనుప డిస్కూ కలిపి ఒక చక్రం తెచ్చాడు. పంక్చర్ షాపులో ఎవరిదో మారిపోతుందని డిస్కుకు ఎర్ర రంగు పూశాడు. దాన్ని మెట్ల కింద గదిలో పెట్టారు. ఊరు దాటి పోయేవారు దాన్ని వెనక సీట్లో వేసుకుని పోవాలి. ఊళ్లోనే తిరిగేవారు బండి ఆగితే ఫోన్ చేయాలి, ఇంట్లో ఉన్నవారు పట్టుకుని రావాలి. కాగితం లేదు, సంతకం లేదు, నాలుగేళ్లు మాట మీద నడిచింది. ఒకసారి లింగస్వామి బండి చైతన్యపురిలో ఆగిపోతే, రామమోహనరావుగారు లుంగీ మీదే స్కూటర్ ఎక్కి, చక్రాన్ని కాళ్ల మధ్య నిలబెట్టుకుని వెళ్లి అందించి వచ్చారు. దారిలో ఆయన శిష్యులు చూసి నమస్కారాలు పెట్టారు. ఒక చేత్తో హ్యాండిల్, ఒక చేత్తో చక్రం పట్టుకుని ఆయన తలతోనే అందరికీ ప్రతినమస్కారం చేశారు. దసరా నాడు రెండు కార్లకూ పూజ చేసి, మెట్ల కింద గది తలుపు తీసి స్టెప్నీకి కూడా బొట్టు పెట్టడం ఆ ఇంట్లో ఆనవాయితీ అయిపోయింది.

ఈ ఏడూ పెట్టారు. అప్పటికే ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోల్లో ఉన్నాయి, బడులకు తాళాలు పడ్డాయి, ఆఫీసుల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. చౌరస్తాలో శిబిరం వేశారు. లింగస్వామి రోజూ పొద్దున అక్కడికి వెళ్లి కూర్చునేవాడు. రామమోహనరావుగారు పేపరు చదువుకుని మడిచి పక్కన పెట్టేవారు. ఆ ఇద్దరూ ఆ విషయం మాత్రం మాట్లాడుకునేవారు కాదు. మిగతావన్నీ మాట్లాడుకునేవారు.

శ్రీకళకు విజయవాడలో లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. బస్సుల్లేవు కాబట్టి తండ్రి కారు తీశారు. బస్సుల్లేకనే ఇక్కడ చిక్కుకుపోయిన చుట్టాలు ఇద్దరు మేమూ వస్తామని వెనక సీట్లో సర్దుకున్నారు. దాంతో స్టెప్నీకి చోటు లేకుండా పోయింది. ఏమవుతుందిలే అని బయల్దేరారు. బాటసింగారం దగ్గర ముందు టైరు గాలి పోయింది. కాలితో కొట్టే పంపు తీసి రామమోహనరావుగారు చెమటలు కక్కేలా కొట్టారు. టైరు ఒక పక్కన చీలింది, కొట్టిన గాలి కొట్టినట్టే పోయింది. ఎదురుగా పంక్చర్ షాపు ఉంది, షట్టర్ దించి ఉంది. షాపు అతను రోడ్డు మీదే సమ్మెవాళ్ల వంటావార్పులో గంటె తిప్పుతున్నాడు. ఇయ్యాల పని ముట్టనని చెప్పాడు, కానీ అన్నం తినిపొమ్మని బతిమాలాడు. శ్రీకళ తిన్నది. రామమోహనరావుగారు తినలేదు.

ఫోన్ అందుకుని లింగస్వామి మెట్ల కింద గది తలుపు తీస్తే లోపల స్టెప్నీ లేదు. వెతకడానికి అదేమన్నా సూదా? నిలబడి ఆలోచించకుండా తన కారుకే జాకీ వేసి చక్రం విప్పేశాడు. పక్కింటి మట్టయ్య స్కూటర్ అడిగి తీసుకుని, చక్రాన్ని దాని మీద పెట్టుకుని బయల్దేరాడు. హయత్‌నగర్‌లో రోడ్డు మీద కూర్చున్నవాళ్లు తగలబెట్టడానికి టైరు తెచ్చాడనుకుని చప్పట్లు కొట్టారు. ఇది కాల్చేది కాదన్నా, నడిపేది అని వాళ్లకు నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. బాటసింగారం చేరి చక్రం బిగించేసరికి ఇంటర్వ్యూ వేళ దాటిపోయింది. చుట్టాలు ఎవరిదో ట్రాక్టర్ ఎక్కి వెళ్లిపోయారు. తండ్రీకూతుళ్లు ఇంటిదారి పట్టారు.

వచ్చే దారిలో ఎల్బీనగర్ చౌరస్తాలో, కాలిపోయిన టైర్ల బూడిదలో, తీగల మధ్య ఒక డిస్కు కనిపించింది. ఒకవైపు మాడి నల్లగా ఉంది. రెండోవైపు ఎర్రగా ఉంది.

రామమోహనరావుగారు కారు ఆపి దాన్ని చేత్తో తీసుకుని వచ్చి లింగస్వామి గుమ్మం ముందు పెట్టారు. కాల్చడానికి నీకు ఇదే దొరికిందా అన్నారు. ఇల్లు ఖాళీ చేయమన్నారు. లింగస్వామి నేను కాదు సార్ అని ఒక్కసారి అన్నాడు. ఆయన వినలేదని తెలిశాక రెండోసారి అనలేదు. సరే, ఖాళీ చేస్త అన్నాడు. మనం పోయిన వారం అక్కడే ఆగాం.

ఇక ఇవాళ ఆదివారం. సరూర్‌నగర్‌లో ఒకటే గది దొరికింది. ముగ్గురికీ అది చాలదు. సమ్మె రోజుల్లో అంతకన్నా మంచిది ఎవరిస్తారు? ట్రాలీ ఆటో మాట్లాడాడు. అది వచ్చేలోగా కారు నాలుగు చక్రాల మీద నిలబడాలి. రామమోహనరావుగారి చీలిన టైరు బాగుచేయడానికి పనికిరాలేదు. ఆదివారం బంద్ లేదు కాబట్టి ఒక షాపతను సగం షట్టర్ ఎత్తి పాత టైరు ఒకటి వేసి ఇచ్చాడు. ఇప్పుడు దాన్ని ఓనరుగారి కారుకు వేసి, లింగస్వామి చక్రాన్ని లింగస్వామి కారుకు వేయాలి. వేయడం ఆయనకు రాదు. తను ఖాళీ చేయమన్న మనిషినే పిలిచి వేయమనడానికి నోరు రాదు. అందుకని పాత టైరు వేసిన చక్రాన్ని తనే మెట్ల దగ్గరి నుంచి దొర్లించుకుంటూ వచ్చి తన కారు పక్కన నిలబడ్డారు.

లింగస్వామి ఏమీ అడగకుండా జాకీ తెచ్చి కింద కూర్చున్నాడు. నట్లు వదులు చేసి, బండి ఎత్తి, ఒక్కొక్క నట్టూ విప్పి పక్కన నేల మీద పెట్టబోయాడు. అవి దొర్లిపోతాయని రామమోహనరావుగారు వంగి అరచెయ్యి చాచారు. నాలుగేళ్లుగా చక్రం మార్చేటప్పుడల్లా ఆయన చేసే పని అదే. చెయ్యి అలవాటు కొద్దీ వచ్చేసింది. కోపం మీద ఉన్నామని దానికి గుర్తు లేనట్టుంది. లింగస్వామి ఒక్క క్షణం ఆ చెయ్యి వంక చూసి, నట్లు అందులో పెట్టాడు.

వాకిట్లో బాలలక్ష్మి గిన్నెలు మూట కడుతోంది. కౌసల్యమ్మ తులసి కోట పక్కన కూర్చుని ఎవరితోనూ మాట్లాడటం లేదు. కొడుకు ఖాళీ చేస్తానని ఒప్పుకున్నప్పటి నుంచి ఆమె అంతే.

చక్రం బయటికి లాగాక లింగస్వామి లేవలేదు. గుమ్మం పక్కనే పడి ఉన్న ఎర్ర డిస్కు వంక చూశాడు. రెండు రోజులుగా చూస్తూనే ఉన్నాడు. చూసినకొద్దీ ఒక అనుమానం బలపడింది. అయినా అడిగితే బతిమాలుతున్నట్టు ఉంటుందని నోరు మూసుకున్నాడు. సామాను బయటపడ్డాక బతిమాలేదేముంది? ఇప్పుడు అడగొచ్చు అనిపించింది.

"సార్, పోయేముందు ఒక మాట అడుగుత. నేనైతే డిస్కుతోని ఇస్తనా?"

రామమోహనరావుగారికి అర్థం కాలేదు. లింగస్వామి లెక్క విప్పి చెప్పాడు. కాల్చడానికి కావలసింది రబ్బరు. డిస్కు కాలదు. చౌరస్తాలో కాలిన టైర్లన్నీ ఒట్టి టైర్లే, పంక్చర్ షాపుల వెనక పడి ఉండేవి. బండి నడిపేవాడెవడూ డిస్కును మంటలో వేయడు. ఇవ్వాలనే అనుకుంటే టైరు ఊడదీసి ఇచ్చి, డిస్కు దాచిపెట్టుకుంటాడు. డిస్కుతో సహా ఇచ్చారంటే, ఇచ్చినవాళ్లకు ఆ రెండూ వేరవుతాయని తెలియదన్నమాట.

ఆయన లెక్కల మాస్టారు. లెక్క నడిచే దారి సరిగ్గా ఉంటే ఒప్పుకోక తప్పదు. కానీ మనిషి ఒప్పుకోవడానికి, కోపం ఒప్పుకోవడానికి మధ్య కాస్త వ్యవధి పడుతుంది. అందుకని ఆయన ఇంకో దారి పట్టారు.

"మరి నీ బండి చక్రం విప్పుకుని ఎందుకు పరిగెత్తుకొచ్చావు? స్టెప్నీ కనపడలేదని ఫోన్‌లో చెప్పి ఊరుకోవచ్చుగా. తప్పు చేశానని లోపల ఉంటేనే కదా మనిషి అలా వస్తాడు."

లింగస్వామికి ఈ మాట మీద మొదటిసారి కోపం వచ్చింది. చేసిన సాయాన్నే సాక్ష్యంగా నిలబెడితే ఎవరికి రాదు? అయినా గొంతు పెంచలేదు.

"పాప రోడ్డు మీద ఉన్నది సార్. గందుకొచ్చిన."

రామమోహనరావుగారు చేతిలోని నట్లను అటూ ఇటూ కదిపారు. ఆయనకు ఆ జవాబు నచ్చింది, నచ్చినందుకు చిరాకూ వేసింది. అయితే డిస్కు గురించి తెలియనివాళ్లు ఇంకెవరున్నారని ఆలోచిస్తూ తల తిప్పారు. చూపు బాలలక్ష్మి మీద పడింది. పైకి ఏమీ అనలేదు, కానీ చూపు కూడా మాటే.

బాలలక్ష్మి మూట వదిలి లేచింది. పాత టైర్లు పోగుచేసుకుంటూ ఊరేగింపు ఈ గల్లీలోంచి పోయిన రోజు తను ఇంట్లోనే లేనని చెప్పింది. అత్తమ్మను తీసుకుని దవాఖానకు పోయిందట, ఇంటికి తాళం వేసి పోయిందట. కావాలంటే దవాఖానలో అడగమంది. టైరు ఎటు నుంచి పట్టుకోవాలో కూడా నాకు తెల్వదు, గది తలుపు తీసే పని నాకెప్పుడూ పడలేదు అంది. ఆమె కంట్లో నీళ్లు లేవు. చెప్పాల్సి వచ్చినందుకు సిగ్గుగా మాత్రం ఉంది.

ఇది కూడా సరిపోయింది. కింద ఇంటికి తాళం. లింగస్వామి ఊరేగింపులో ఉన్నాడు. తను దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నారు, శ్రీకళ లైబ్రరీకి వెళ్లింది. ఇంట్లో ఉన్నది అరుణ ఒక్కతే. అంటే ఎవరో గేటు తీసుకుని లోపలికొచ్చి, గది తలుపు తీసి, చక్రం ఎత్తుకుపోయి ఉండాలి. పైనుంచి అరుణ చూసే ఉండాలి. ఇన్నాళ్లూ ఆమెను అడగాలనే తోచలేదేమిటా అని తనమీద తనకే విసుగు వేసింది ఆయనకు. సాక్షిని ఇంట్లో పెట్టుకుని ఊరందరినీ అనుమానించినట్టయింది.

మెట్ల వైపు తిరిగి భార్యను పిలిచారు. ఆ రోజు గేటు తీసుకుని ఎవరొచ్చారో చెప్పి పొమ్మన్నారు.

అరుణజ్యోతి వంటింట్లోంచి వచ్చి మెట్ల మీద నిలబడింది. అక్కడి నుంచే చెప్పి వెళ్లిపోతుందనుకున్నారు. ఆమె మెట్లన్నీ దిగి వాకిట్లోకి వచ్చింది. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూనే ఉంది, తుడవడం అవడం లేదు.

"ఎవరూ రాలేదండీ. నేనే ఇచ్చాను."

నట్టు ఒకటి రామమోహనరావుగారి చేతిలోంచి జారి కారు కిందికి దొర్లిపోయింది. ఎవరూ దాన్ని వెతకలేదు.

కాసేపటికి ఆయన తేరుకుని, ఎవరు అడిగారు, ఎవరు బెదిరించారు, పేరు చెప్పు అన్నారు. గొంతులో కొంత ఆశ ఉంది. ఎవరో ఒకరు బెదిరించి ఉంటే ఆయనకు బాగుండేది. కోపానికి మళ్లీ ఒక చోటు దొరికేది.

"ఎవరూ అడగలేదు. అడగకముందే ఇచ్చేస్తే మంచిదనిపించింది."

తర్వాత ఆమె చెప్పింది ఇదీ. ఊరేగింపు గల్లీ చివర మలుపు తిరిగింది. డప్పులు, జెండాలు, వెనకాల తోపుడు బండి మీద పాత టైర్లు. ఇంటింటి ముందూ ఆగుతున్నారు. కొందరు మంచినీళ్లు ఇస్తున్నారు, కొందరు బొట్టు పెడుతున్నారు, ఎదురింటివాళ్లు పాత స్కూటర్ టైరు తెచ్చి బండి మీద వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె పైన కిటికీ దగ్గర నిలబడి ఉంది. తర్వాత తమ ఇంటి ముందే ఆగుతారు. ఈ ఇల్లు ఎవరిదో గల్లీలో అందరికీ తెలుసు. ఇంట్లో మగదిక్కు లేదు. ఏమీ ఇవ్వకపోతే ఏమనుకుంటారో. ఏమీ అనకపోయినా గుర్తు పెట్టుకుంటారేమో. ఆలోచన తెగకముందే కాళ్లు మెట్లు దిగాయి. గది తలుపు తీసింది. చక్రాన్ని తానే దొర్లించుకుంటూ గేటు దాకా తీసుకెళ్లి, బండి తోసేవాళ్లకు అప్పజెప్పింది. మంచిగున్నది గదమ్మా, ఎందుకు అని వాళ్లలో ఒకతను అన్నాడు కూడా. ఫరవాలేదు, తీసుకోండి అని నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోందట ఆమెకు.

మరునాడు విజయవాడ ప్రయాణం సంగతి తేలింది. స్టెప్నీ లేదని చెబుదామనుకుంది. ఈలోగా చుట్టాలు ఎక్కారు. "చోటు లేదు, స్టెప్నీ వదిలేద్దాం అన్నారు మీరు. బతికాననుకున్నాను" అంది భర్తతో. ఆ తర్వాత ఫోన్ వచ్చింది. లింగస్వామి గది తలుపు తీసి చూడటం, తెల్లబోవడం, తన కారు చక్రం విప్పుకోవడం అన్నీ పైనుంచి చూసింది. కిందికి దిగి చెబుదామని చెప్పులు కూడా వేసుకుంది. దిగలేదు. శ్రీకళ ఇంటర్వ్యూ పోయిందని తెలిశాక ఇంక ఎన్నటికీ చెప్పలేననుకుంది.

"మరి వీళ్లను నేను ఇల్లు ఖాళీ చేయమంటుంటే కూడా..." అని ఆయన మాట మధ్యలో ఆపేశారు.

"రాత్రుళ్లు నిద్ర లేదు. పొద్దున లేచి చెబుతాననుకునేదాన్ని. పొద్దున అయ్యేది."

రామమోహనరావుగారు మంచి మనిషి. మంచి మనుషులకు తప్పు తెలిసొచ్చినప్పుడు తొందర ఎక్కువ. ఒక్క ఊపులో దిద్దేయాలని చూస్తారు. వెంటనే లింగస్వామి భుజం మీద చెయ్యి వేసి, పొరపాటైపోయిందయ్యా, సామాను లోపల పెట్టించు, ఎవరూ ఎక్కడికీ వెళ్లక్కర్లేదు అనేశారు. ట్రాలీకి ఇప్పుడే ఫోన్ చేసి రావద్దని చెప్పమన్నారు. స్టెప్నీ కొత్తది తనే తెస్తానన్నారు. చెరొకటి తెస్తానన్నారు. ఆయన మాటలు ఆగకుండా వస్తూనే ఉన్నాయి.

లింగస్వామి గుండెల మీంచి బరువు దిగింది. ఇన్ని రోజులూ దొంగలా తల వంచుకుని తిరిగాడు. శిబిరంలో కూడా సరిగా కూర్చోలేకపోయాడు. ఆ నింద పోయింది. ఇల్లు కూడా దక్కింది. లేచి సామాను లోపల పెట్టుకుంటే అయిపోతుంది. కానీ బాలలక్ష్మి అలా నిలబడే ఉంది. ఆమెకు ఇంకొకటి అడగాలని ఉంది.

"అమ్మా, మీకు భయమైతే ఆయినకు ఫోన్ చేయొచ్చు గద. గా ఊరేగింపులనే ఉండె. ఒక్క మాట చెప్తే మీ గడపకాడ నిలబడకపోవునా?"

అరుణజ్యోతి తల దించుకుంది. ఇక్కడ ఆమె ఒక అబద్ధం ఆడి ఉంటే అందరూ సుఖపడేవారు. ఫోన్ దొరకలేదనో, కంగారులో తోచలేదనో అంటే సరిపోయేది. కానీ ఆమె అప్పటికే నాలుగు రోజులు దాచి దాచి అలిసిపోయింది. దాచే ఓపిక అయిపోయింది.

"ముందు వరసలో మీ ఆయనే ఉన్నాడు లక్ష్మీ. పిడికిలి ఎత్తి అరుస్తున్నాడు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. నాలుగేళ్లలో ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. మా ఇంటి వైపు తిరిగి కూడా అలాగే అరిచాడు. అప్పుడే నా కాళ్లు మెట్లు దిగాయి."

లింగస్వామికి ఆ క్షణం గుర్తొచ్చింది. ఇంటి ముందుకొచ్చినప్పుడు, మన ఇల్లే గదా అని పైకి చూసి, ఇంకాస్త ఉత్సాహంగా నినాదం ఇచ్చాడు. అరుణమ్మ కిటికీలో ఉంటే చూస్తుందని, చూసి నవ్వుతుందని అనుకున్నాడు. ఆమె కనిపించలేదు. ముందుకు సాగిపోయాడు. వెనక చప్పట్లు వినిపించాయి. ఎవరో ఏదో ఇచ్చి ఉంటారనుకున్నాడు.

టైరు ఇచ్చాడన్న నింద పోయింది, నిజమే. అంతకన్నా పెద్దది ఒకటి వచ్చి నెత్తిన కూర్చుంది. అతనికి చాలా బాధగా అనిపించింది. ఏ తప్పూ చేయకుండా ఇంత బాధ పడొచ్చని అతనికి ఇంతవరకూ తెలియదు. నేను అరిచింది మీమీద కాదమ్మా అనబోయాడు. మరి ఎవరిమీద అంటే చెప్పడానికి చాలా ఉంది. కానీ ఈమెకు ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలి? ఊళ్లో ఎండిపోయిన బావుల దగ్గరి నుంచా, నల్గొండ ఫ్లోరైడు నీళ్లు తాగి నడుం వంగిపోయిన తండ్రి దగ్గరి నుంచా, డిగ్రీ పాసై ఉద్యోగం రాక స్టీరింగ్ పట్టుకున్న తన దగ్గరి నుంచా? అవన్నీ నిజమే. ఈమె భయంతో మెట్లు దిగడమూ నిజమే.

స్పానర్ కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఒక్కటే అడుగుత. నిజం చెప్పుండ్రి. రేపు మళ్ల ఊరేగింపున్నది. నేను పోత. పోకుండ ఉండలేను. గట్లనే అరుస్త. అరిసి మళ్ల ఈ గేటే తీసుకొని ఇంటికొస్త. మీకు భయమైతదా?"

రామమోహనరావుగారు గబగబా, అవదయ్యా, ఎందుకవుతుంది, అదేం మాట అన్నారు. లింగస్వామి ఆయన వైపు చూడలేదు. అడిగింది ఆయనను కాదు.

అరుణజ్యోతి చేతిలోని కొంగు వదిలేసింది. లింగస్వామి మొహంలోకి చూసింది. ఈసారి తల దించలేదు.

"అవుతుంది నాయనా."

బాలలక్ష్మి వంగి, సగంలో వదిలిన గిన్నెల మూటకు ముడి వేసింది. గట్టిగా వేసింది. మేం పోతం అని మెల్లగా అంది. పొమ్మన్నప్పుడు తనకు ఇంత బాధ లేదని, పొమ్మన్నవాళ్ల ఇంట్లోంచి పోవడం సుళువని, మనల్ని చూసి వణికేవాళ్ల ఇంటి కింద ఎట్ల పండుకోవాలని మొగుణ్ణి అడిగింది. రామమోహనరావుగారు నట్లు పట్టుకుని నిలబడి భార్య వంక, అద్దెకున్నవాళ్ల వంక మార్చి మార్చి చూస్తున్నారు. ఏ దారిన నడిచినా లెక్క తేలడం లేదు ఆయనకు.

అప్పుడు తులసి కోట దగ్గర కౌసల్యమ్మ లేచింది. లేవడానికి ఎవరి సాయమూ అడగలేదు. కొడుకు ఆటోకోసం బయట పెట్టిన సామానులోంచి తన దుప్పటి, మందుల సంచీ ఏరుకుంది. అవి పట్టుకుని గేటు వైపు వెళుతుందనుకున్నారు. ఆమె మెట్ల వైపు వెళ్లింది.

ఎక్కడికే అమ్మా అని లింగస్వామి అడిగాడు.

"పైకి. భయపడే మనిషిని ఒక్కదాన్ని ఇడిచిపెట్టి పోతార్రా ఎవలన్న?" అందామె, వెనక్కి తిరగకుండా. తర్వాత అరుణజ్యోతితో, "నడువు బిడ్డా. వీడు రేపు ఒర్రుకుంట వస్తడు గద, నువ్వూ నేనూ కలిసే చూద్దాం కిటికీల నుంచి" అంది.

అరుణజ్యోతి కదలలేదు. ఆమెకు ఏడుపు వచ్చేసింది. కౌసల్యమ్మ ఆమెను దాటుకుని, పిట్టగోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కడం మొదలుపెట్టింది. బాలలక్ష్మి, అత్తమ్మా అని ఒకసారి పిలిచి ఊరుకుంది. మూట మాత్రం చేతిలోంచి దించలేదు.

గేటు బయట ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, వాకిట్లో సామాను వంక చూసి, వెనక తలుపు దించాడు. మంచం ముందు ఎక్కిద్దామా, బీరువా ముందు ఎక్కిద్దామా అని అడిగాడు. అందరూ మెట్ల వైపే ఎందుకు చూస్తున్నారో అతనికి అర్థం కాలేదు.

"అన్నా, సామానుతోని మనుషులు ఎంతమంది వస్తున్రు?"

లింగస్వామి మెట్ల వంక చూశాడు, మూట పట్టుకుని నిలబడ్డ భార్య వంక చూశాడు, ఇంకా చక్రం బిగించని కారు వంక చూశాడు. ఎంతమందో అతనికి తెలియలేదు.